పేరు మనదే... చిరునామా ఎవరిది?

పూతరేకు ఏ ఊరిదని అడిగితే గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలు కూడా ఆత్రేయపురం అనే చెబుతారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్కసారి అలా పరిచి తీస్తే రెప్పపాటులో పొర లేస్తుంది. ఆ పొర చిరగకుండా తీయడానికి ఏళ్ల అలవాటు కావాలి. నెయ్యి, పంచదారో బెల్లం పొడో చల్లి మడతపెట్టడానికి మరో చేతివాటం కావాలి. ఇదంతా తరతరాలుగా ఆ ఊరి ఆడవాళ్లు నేర్చుకుంటూ, నేర్పుతూ వచ్చిన పని. అందుకే 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో తయారుచేసేవాళ్లకే ఆ పేరు వాడుకునే హక్కు అని చట్టం ఒప్పుకున్నట్టే.

మరి అదే పేరుతో ఇంటర్నెట్‌లో ఓ చిరునామా కావాలంటే?

అక్కడ ఊరేదని ఎవరూ అడగరు. పొయ్యి ముందు కూర్చున్న అనుభవం ఎన్నేళ్లని అసలే అడగరు. ఆ పేరు ఖాళీగా ఉందా, రుసుము కట్టారా... ఈ రెండే ప్రశ్నలు. జీవితంలో ఒక్క రేకు కూడా చుట్టనివాడు, గోదావరి వంతెన దాటనివాడు అయినా సరే, ముందుగా అడిగితే పేరు అతనిదే. ఇందులో మోసం ఏమీ లేదు. నియమమే అది!

శివారు రైతుకు తెలిసిన కథ

ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలొచ్చాయి. కాలువ ఎగువన ఉన్న రైతు తనిష్టం వచ్చినట్టు తూము ఎత్తేసుకుంటే దిగువన శివారు భూములకు చుక్క అందదు. నీళ్లు తక్కువైన ఏడాది వంతులు పెట్టేది అందుకే. ముందున్నవాడిదే నీరంటే ఏమవుతుందో డెల్టా రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంటర్నెట్ పేర్లకు మాత్రం వంతుల్లేవు. ముందొచ్చినవాడిదే తూము.

మొదట్నుంచీ మన దేశంలో ఇలా లేదు. ప్రతి దేశానికీ రెండక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. మనది 'డాట్ ఇన్'. అది 1989లోనే మనకు వచ్చింది. ఈ దేశాల గుర్తులను ఎవరు, ఎలా చూసుకోవాలన్న దాని మీద ఇంటర్నెట్ తొలితరం పెద్దల్లో ఒకరైన జాన్ పోస్టెల్ 1994లో ఓ పత్రం రాశారు. ఆ గుర్తును నిర్వహించేవారు యజమానులు కాదు, ధర్మకర్తలు మాత్రమే అన్నది దాని సారాంశం. గుడి మాన్యాన్ని చూసుకునే ధర్మకర్తకు దాని మీద బాధ్యతే తప్ప సొంతహక్కు ఉండదు కదా... అచ్చం అలాగే.

మన ధర్మకర్తలు మొదట్లో బాగా బిగించి పట్టుకున్నారు. మన దేశంలో ఉనికి ఉండాలి, పత్రాలు చూపించాలి, కంపెనీ అయితే 'డాట్ కో డాట్ ఇన్' అనే తోకతో సరిపెట్టుకోవాలి. దాంతో 1992 నుంచి 2004 దాకా నమోదైన పేర్లు దాదాపు ఏడు వేలే. అప్పట్లో నెట్ సెంటర్ పెట్టుకున్న కుర్రాడి దగ్గర్నుంచి పెద్ద కంపెనీ దాకా అందరూ 'డాట్ కామ్' వైపు పరుగెత్తారంటే ఆశ్చర్యమేముంది?

అందుకే 2005లో తలుపులు బార్లా తీశారు. లాభాపేక్ష లేని సంస్థ నిక్సీకి ఆ బాధ్యత అప్పగించారు. ఆ ఏడాది జనవరి ఒకటి నుంచి మూడు వారాలు ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్లకు తొలి అవకాశం ఇచ్చి, ఫిబ్రవరి 16 నుంచి అందరికీ విడుదల చేశారు. పత్రాల బాదరబందీ పోయింది. ఇండియాలో ఉండాలన్న షరతూ పోయింది. ఆ తర్వాత పేర్ల సంఖ్య వేల నుంచి లక్షలకు పెరిగి, ఇప్పుడు నలభై లక్షలు దాటింది.

ఇక్కడో తమాషా ఉంది. డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న అమలాపురం కుర్రాడు అమెరికా గుర్తు 'డాట్ యూఎస్' తీసుకోవాలంటే అక్కడి పౌరుడో, నివాసో అయి ఉండాలి, లేదా ఆ దేశంతో తగిన సంబంధమైనా చూపించాలి. ఆస్ట్రేలియా గుర్తు 'డాట్ ఏయూ' కావాలన్నా ఆ దేశంలో ఉనికి ఉండాల్సిందే. మన 'డాట్ ఇన్' మాత్రం ప్రపంచంలో ఎక్కడున్నవారికైనా ఇస్తారు. పరాయిదేశంలో ఉన్న బంధువు ఊరిపేరుతో వెబ్‌సైట్ పెట్టి నాలుగు మంచి ఫొటోలు ఉంచొచ్చు. ఆ పేరుకు ఏ సంబంధమూ లేనివాడు దాన్ని కొనిపెట్టుకుని, అసలువాళ్లు వచ్చి అడిగినప్పుడు లక్షలు చెప్పనూవచ్చు. బార్లా తీసిన తలుపులోంచి ఇద్దరూ వస్తారు.

ఒక్క 'ఎఫ్' తేడా

పేరును అంటిపెట్టుకుని ఎంత విలువ ఉంటుందో దేశానికి తెలియజెప్పిన ఓ కేసుకు గోదావరి జిల్లాలతో ఓ చుట్టరికం ఉంది. భీమవరం ప్రాంతానికి చెందిన బైర్రాజు రామలింగరాజు 1987లో స్థాపించిన సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా 1995లో సత్యం ఇన్ఫోవే అనే కంపెనీ పుట్టింది. సత్యంలోంచి కొంత, ఇన్ఫోవేలోంచి కొంత తీసుకుని 'సిఫీ' అన్న కొత్తమాట తయారుచేశారు. ఏ నిఘంటువులోనూ లేని మాట అది. 1999 జూన్‌లో ఆ మాటతో మొదలయ్యే డొమైన్ పేర్లు రిజిస్టరు చేయించుకున్నారు.

రెండేళ్లు తిరిగేసరికి మరో సంస్థ దాదాపు అదే పేరుతో ఇంటర్నెట్ వ్యాపారంలోకి దిగింది. తేడా ఒక్కటే. ఇంగ్లిషులో 'ఎఫ్' ఒకటి ఎక్కువ! పైకి చదివితే చెవికి తేడా తెలియదు. ఇదేమిటని అడిగితే, అది తమ ప్రమోటర్లు అయిదుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్నదన్నారు. బెంగళూరు సివిల్ కోర్టు ఆ పేరు వాడొద్దని తాత్కాలికంగా ఆపింది. కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. చివరికి వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది.

2004 మే 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డొమైన్ పేరంటే ఉత్త చిరునామా కాదు, వ్యాపారానికి గుర్తు కూడా అన్నది. ఈ తగవుల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకును మరొకరి సరుకుగా నమ్మించడాన్ని అడ్డుకునే పాత న్యాయసూత్రమే దీనికీ వర్తిస్తుందన్నది. మొదటి అక్షరాల కథను నమ్మలేదు. సిఫీ గెలిచింది.

మాతృసంస్థ సత్యం కథ 2009 జనవరిలో ఎలా తలకిందులైందో అందరికీ తెలుసు. లెక్కల కుంభకోణం ఆ పేరును ముంచింది. కానీ సిఫీ కేసు తీర్పు మాత్రం నిలిచింది. ఇవాళ దేశంలో ఏ చిన్న వ్యాపారి అయినా 'నా పేరు వాడుకుంటున్నారు మొర్రో' అని కోర్టుకెళితే లాయర్లు ముందుగా తీసే కాగితాల్లో అదొకటి. సత్యం పోయినా పేరు గురించి సిఫీ గెలిచిన న్యాయం మిగిలింది!

తొంభై ఆరు తలుపులు

ఒక్క 'ఎఫ్' ఎక్కువైతేనే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. మరి మన తెలుగు పేర్ల సంగతి?

ఆత్రేయపురం పూతరేకులు అన్న మాటను ఇంగ్లిషులో రాయమని నలుగురికి చెప్పి చూడండి. మొదటి 'ఆ'కు ఒక 'ఏ' రాసేవారు కొందరు, రెండు రాసేవారు కొందరు. 'త్రే' దగ్గర 'హెచ్' పెట్టేవారున్నారు, పెట్టనివారున్నారు. అక్కడికే నాలుగు రకాలు. 'పూ'కు రెండు 'ఓ'లా, ఒక 'యూ'నా? 'త'లో 'హెచ్' ఉండాలా, వద్దా? రెండు మాటల మధ్య అడ్డగీత పెట్టాలా, కలిపేయాలా? నాలుగు రెళ్లు ఎనిమిది, ఎనిమిది రెళ్లు పదహారు, పదహారు రెళ్లు ముప్ఫై రెండు. వీటన్నిటికీ 'డాట్ ఇన్', 'డాట్ కో డాట్ ఇన్', 'డాట్ కామ్' అని తలా మూడు తోకలు తగిలిస్తే తొంభై ఆరు!

అన్నీ సరైనవే. ఏదీ తప్పు కాదు. అన్నీ మనమే కొనేద్దామా అంటే, ఏడాదికి ఒక్కో పేరుకు అయిదొందలు అనుకున్నా 48 వేల రూపాయలవుతుంది. రేకులు చుట్టి నెగ్గుకొచ్చే ఇంటికి అది చిన్నమొత్తం కాదు. పైగా ఒక్క ఏడాదితో పోయేదీ కాదు.

కాకినాడ కాజాదీ, ఉప్పాడ జాందానీదీ, నర్సాపురం లేసుదీ ఇదే పరిస్థితి. రాజమండ్రికి ఇంగ్లిషులో రాసే తీరు ఒకటైతే, 2015లో అధికారికంగా రాజమహేంద్రవరమయ్యాక మరొకటి వచ్చి చేరింది. ఊరు ఒక్కటే, నది ఒక్కటే. ఇంగ్లిషు రాతలు మాత్రం ఎన్నో.

మన లిపిలో మన ఊరు

తెలుగులో రాస్తే? పూతరేకులు పూతరేకులే. 'పూ'కు మరో 'పూ' లేదు. విన్నది విన్నట్టు రాసే భాషకు ఉన్న సుఖం అది.

తెలుగు లిపిలోనే చిరునామా పెట్టుకునే వీలు ఉందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 'డాట్ ఇన్'కు బదులు చివర 'డాట్ భారత్' అని తెలుగులోనే రాయొచ్చు. 2011లోనే తెలుగు సహా ఏడు లిపుల్లో మన దేశానికి ఈ గుర్తులు మంజూరయ్యాయి. 2014 ఆగస్టులో దేవనాగరి లిపితో మొదలుపెట్టి తర్వాత మిగతా భాషలకూ తెరిచారు. ఇవాళ రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ ఆ ఏర్పాటు ఉంది. మనం తెలుగులో టైపు చేస్తే, కంప్యూటర్లు దాన్ని లోలోపల ఇంగ్లిషు అక్షరాలూ అంకెలుగా మార్చుకుని పని కానిస్తాయి. ఆ మార్పిడి పద్ధతి పేరు ప్యూనీకోడ్. అది మన కంటికి కనపడక్కర్లేదు.

అయితే ఇక్కడా జాగ్రత్తలున్నాయి. తెలుగు, కన్నడం అక్కచెల్లెళ్ల లిపులు. 'ర', 'ల', 'జ' లాంటి అక్షరాలు రెండింట్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. మనిషి కంటికి తేడా ఆనదు, యంత్రానికి మాత్రం అవి వేరువేరు. తెలుగు పేరు మధ్యలో ఓ కన్నడ అక్షరం ఇరికించి నకిలీ చిరునామా పుట్టించే ప్రమాదం అక్కడే ఉంది. అందుకే ఒక పేరులో రెండు లిపులు కలపకూడదని నియమం పెట్టారు. ఏ అక్షరం పక్కన ఏది రావొచ్చు, ఏది రాకూడదు అన్నదానికీ పట్టికలు తయారుచేశారు. గుణింతం లేని చోట గుడి తగిలించినట్టు రాస్తే యంత్రం ఒప్పుకోదన్నమాట!

మరో చిక్కు... తెలుగు చిరునామాతో ఈమెయిల్ పెట్టుకుంటే ఇప్పటికీ చాలా దరఖాస్తు ఫారాలు తీసుకోవు. 'సరైన చిరునామా రాయండి' అని ఎర్రక్షరాలతో విసుక్కుంటాయి. కాబట్టి ప్రస్తుతానికి ఇంగ్లిషులో ఒకటి, తెలుగులో ఒకటి ఉంచుకోవడమే తెలివైన పని. తొంభై ఆరు కన్నా రెండు నయం కదా!

అడిగితే ఇవ్వని పేర్లు

అన్ని పేర్లూ అందరికీ ఇచ్చేయరు. చివర 'డాట్ గవ్ డాట్ ఇన్' ఉంటే అది ప్రభుత్వానిదే. కోనసీమ జిల్లా వెబ్‌సైట్ అయినా, తూర్పుగోదావరిది అయినా ఆ తోకతోనే ఉంటుంది. కాకినాడ జేఎన్‌టీయూ చిరునామా చివర కనిపించే 'ఈడీయూ డాట్ ఇన్' విద్యాసంస్థలకే పరిమితం. ఎంత డబ్బు కడతామన్నా వీధిలోని ట్యుటోరియల్‌కు ఊరికే ఇవ్వరు.

ఈ వరసలో కొత్తగా వచ్చింది 'బ్యాంక్ డాట్ ఇన్'. నకిలీ బ్యాంకు సైట్లతో జనం డబ్బు పోగొట్టుకుంటుంటే రిజర్వు బ్యాంకు 2025లో ఈ ఏర్పాటు ప్రకటించింది. ఆ ఏడాది అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ ఈ చిరునామాకు మారాలని గడువు పెట్టింది. ఈ పేర్లను నమోదుచేసే బాధ్యతను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థకు మాత్రమే ఇచ్చింది. బ్యాంకు కానివాళ్లకు ఆ తోక దొరకదు. పింఛను డబ్బులు చూసుకునే తాతగారికి నేర్పాల్సింది ఒక్కటే. బ్యాంకు పేరు ఎక్కడుందని కాదు, చిట్టచివర ఏముందో చూడమని. మధ్యలో ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. చివరన ఉన్నదే ఇంటిపేరు.

ఆలోచిస్తే బ్యాంకుకు ఇచ్చిన ఈ రక్షణ పూతరేకుకు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న రాకపోదు. భౌగోళిక గుర్తింపు పొందిన సరుకుల పేర్లను ఆ ఊరివాళ్లకే ముందుగా ఇచ్చే నియమం ఒకటి ఉంటే? 2005లో ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్లకు మూడు వారాలు ముందు అవకాశం ఇవ్వగలిగినప్పుడు, ఊళ్లకు ఇవ్వలేమా? పేర్లకు ధర్మకర్తలున్నారంటే ఈ మాట అడిగే హక్కు జనానికి ఉన్నట్టే.

పట్టా ఎవరి పేరున ఉంది?

నియమం మారేదాకా మన జాగ్రత్త మనదే. పూతరేకులు అమ్మే ఓ అత్తాకోడళ్లను ఊహించుకుందాం. అత్తగారు రేకు తీస్తారు, కోడలు పార్సిళ్లు చూస్తుంది. తెలిసిన కుర్రాడెవరో వెబ్‌సైట్ చేసిపెట్టాడు. ఆర్డర్లు వస్తున్నాయి. ఓ రోజు ఆ సైటు తెరుచుకోవడం మానేసింది.

''అదేంటే, డబ్బులు కట్టాం కదా?'' అంటారు అత్తగారు.

''మనం ఆ అబ్బాయికి కట్టామండీ అత్తయ్యగారూ. అతను ఎవరికి కట్టాడో, ఎవరి పేరున కట్టాడో మనం అడగలేదండీ'' అంటుంది కోడలు.

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఇక్కడ మోసం కంటే అశ్రద్ధే ఎక్కువ. పొలం కొంటే పట్టా ఎవరి పేరున ఉందో పదిసార్లు చూసుకునేవాళ్లం... డొమైన్ పేరు ఎవరి పేరున, ఏ ఈమెయిల్ మీద నమోదైందో ఒక్కసారీ చూడం. నియమం ప్రకారం నమోదులో ఎవరి పేరుంటే వారిదే ఆ చిరునామా. సైటు తయారుచేసిన కుర్రాడి పేరుంటే అది ఆ కుర్రాడిదే. అతను బెంగళూరులో ఉద్యోగం వచ్చి ఫోను నంబరు మార్చేస్తే గడువు దగ్గరపడిందన్న హెచ్చరిక మనదాకా రాదు.

అసలు డొమైన్ పేరును కొనడమంటూ లేదు. అది కౌలే. 'డాట్ ఇన్' పేరును ఒక ఏడాది నుంచి గరిష్ఠంగా పదేళ్ల దాకా తీసుకోవచ్చు. గడువు దాటాక కొన్నాళ్లు ఆగుతారు, ఆ తర్వాత విడిపించుకోవాలంటే ఎక్కువ కట్టాలి, అదీ దాటితే మళ్లీ బజారులో పడుతుంది. అలా పడే పేర్ల కోసం కాచుకుని కూర్చునేవారున్నారు. భౌగోళిక గుర్తింపునూ పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాల్సిందే. రెంటినీ ఒకే డైరీలో రాసుకోవడం మంచిది.

ఒకవేళ మన పేరును ఎవరో ముందే తీసేసుకుంటే? దారి పూర్తిగా మూసుకుపోలేదు. 'డాట్ ఇన్' పేర్ల తగవులు తీర్చడానికి 2005 నుంచీ ఓ విధానం ఉంది. నిక్సీకి ఫిర్యాదు చేస్తే మధ్యవర్తిని నియమిస్తారు. ఫిర్యాదు చేసినవాళ్లు మూడు సంగతులు నిరూపించాలి. ఆ పేరు మీద మనకు హక్కుందనీ, అవతలివాళ్లు పెట్టుకున్నది దానితో తికమకపడేలా ఉందనీ ఒకటి. అవతలివాళ్లకు ఆ పేరుతో న్యాయమైన సంబంధం లేదన్నది రెండు. పేరు తీసుకోవడంలోనో, వాడటంలోనో దురుద్దేశం ఉందన్నది మూడు. నెగ్గితే ఆ పేరును రద్దు చేస్తారు, లేదా మనకు బదలాయిస్తారు. అయితే దానికీ వేలల్లో రుసుము, లాయరు, కాగితాలు, నెలల ఓపిక కావాలి. వందల్లో తేలిపోయే పనిని అశ్రద్ధ చేస్తే వేలల్లోకి వెళ్లిపోతుంది.

పెద్ద కంపెనీకి ఈ పనులు చూసుకోవడానికి ఓ విభాగం ఉంటుంది. పొయ్యి ముందు కూర్చున్నావిడకు ఎవరుంటారు? ఆత్రేయపురంలోనో, ఉప్పాడలోనో, నర్సాపురంలోనో ఉన్న తయారీదారుల సంఘాలే ఆ విభాగం కావాలి. భౌగోళిక గుర్తింపు పత్రాన్ని కార్యాలయం గోడకు పటం కట్టించి ఊరుకోకుండా, ఊరి పేరుతో తెలుగులో ఒకటీ, ఇంగ్లిషులో ఒకటీ చిరునామాలు సంఘం పేరునే నమోదు చేయించి, సభ్యులందరి దుకాణాలకూ అక్కడ్నుంచే దారి చూపిస్తే తొంభై ఆరు తలుపుల గొడవ చాలావరకు తీరుతుంది. కొనేవాళ్లకూ అసలుది ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది.

ఏ పేరైనా ఎప్పుడు నమోదైందో, ఎప్పటితో గడువు తీరుతుందో నిక్సీ రిజిస్ట్రీ సైట్లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. పది నిమిషాల పని. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఈ ఆదివారం భోజనాలయ్యాక వాళ్ల చేత మన దుకాణం పేరో, ఊరి పేరో అందులో కొట్టించి చూడండి. ఖాళీగా ఉందని వస్తే... సాయంత్రం దాకా ఆగకండి!